తలరాతకు ఒక శాతం పరిమితి

నుదుటి రాత బ్రహ్మ రాస్తాడని మన నమ్మకం. అమెరికాలో ఆ శాఖలో కొంత పని కాంగ్రెస్ చేతికి వచ్చింది. 2015 డిసెంబరులో ఒబామా సంతకం పెట్టిన ‘ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్’ చట్టం ప్రకారం, తీవ్రమైన మేధో వైకల్యం ఉన్న పిల్లలకు మామూలు పరీక్షకు బదులు ప్రత్యామ్నాయ పరీక్ష పెట్టవచ్చు. కాకపోతే ఏ సబ్జెక్టులోనూ వాళ్లు రాష్ట్రంలో పరీక్ష రాసిన మొత్తం పిల్లల్లో 1 శాతం మించకూడదు. మించిన బిడ్డ బహుశా వచ్చే ఏడాదికల్లా కాస్త తెలివి తెచ్చుకోవాలి కాబోలు.

ఇంతకీ ‘తీవ్రం’ అంటే ఎంత? అది కేంద్రం చెప్పదు, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే రాసుకోవాలి. యాభై రాష్ట్రాలూ యాభై రకాలుగా రాసుకున్నా జవాబు మాత్రం అందరికీ ఒకటి దాటకుండా రావాలి. గణితం మీద ఇంత నమ్మకం రామానుజన్‌కైనా ఉండేదో లేదో! ఏ బిడ్డకు ఏ పరీక్షో టీచర్లూ తల్లిదండ్రులూ కూర్చునే వ్యక్తిగత విద్యా ప్రణాళిక (ఐఈపీ) బృందం విడివిడిగా తేల్చాలట. పోనీ స్కూల్ డిస్ట్రిక్టులకు ఈ పరిమితి ఉందా అంటే లేదు. రాష్ట్రం వాటికి పరిమితి పెట్టకూడదని అదే చట్టం చెబుతుంది. 1 శాతం దాటిన డిస్ట్రిక్టు సంజాయిషీ రాసిస్తే చాలు. డిస్ట్రిక్టులన్నీ కలిస్తేనే రాష్ట్రమని ఆ రోజు సభలో ఎవరికీ తట్టినట్టు లేదు.

న్యాయం చెప్పాలి. ఒకప్పుడు ఈ పిల్లలు చాలాచోట్ల ఏ లెక్కలోకీ వచ్చేవారు కాదు. 1997లో వైకల్యం ఉన్న పిల్లల చదువుకు సంబంధించిన ‘ఐడియా’ చట్టాన్ని సవరించి, 2000 జూలై నాటికి ప్రతి రాష్ట్రమూ ప్రత్యామ్నాయ పరీక్ష సిద్ధం చేయాలన్నారు. లెక్కలోకి వస్తేనే బడి పట్టించుకుంటుందన్న ఆశ అది. నేను వెక్కిరిస్తున్నది దాన్ని కాదు. సులువు పరీక్ష దొరికితే మామూలు పరీక్ష రాయగల పిల్లల్నీ బడులు అందులోకే తోసేస్తాయన్న అనుమానమూ ఉత్తది కాదు. కానీ దొంగతనం అనుమానం బడి మీదైతే, సోదా బిడ్డ జేబుల్లోనా?

ఇక ప్రశ్నపత్రం. దాహమేస్తే అడగగలడా, తన బస్సు పోల్చుకోగలడా? ఇవి ఎవరికీ అక్కర్లేదు. ఎనిమిదో తరగతి పిల్లవాడైతే, ప్రశ్నకు ఎనిమిదో తరగతి గణితంతో ఎక్కడో ఒక దారప్పోగైనా ముడిపడి ఉండాలి. న్యూజెర్సీలో వాడే డైనమిక్ లెర్నింగ్ మ్యాప్స్ పరీక్షలో ఫలితాలకు నాలుగు మెట్లు. పై మెట్టు పేరు ‘అడ్వాన్స్‌డ్’. అక్కడి ఎడిసన్ పట్టణంలోని తెలుగు తండ్రికి ఇదొక వెసులుబాటు. గుంటూరు నుంచి తాతగారు ఫోన్ చేసి “మనవడి రిజల్టు ఏమైందిరా?” అంటే, అబద్ధమాడకుండా “అడ్వాన్స్‌డ్, నాన్నా” అనొచ్చు. తాతగారు ఐఐటీ ఫౌండేషన్ అనుకుని వీధంతా చెప్పుకుంటారు. ఈ పరీక్ష దారిలో వెళితే మామూలు డిప్లొమాకు అడ్డంకి రావచ్చని తల్లిదండ్రులకు ముందే తెలపాలన్న నిబంధన కూడా ఉంది. ఆ సంగతి వీధిలో చెప్పుకోరు.

శాతాలతో వైకల్యాన్ని అదుపు చేయడంలో టెక్సస్‌ది అందెవేసిన చెయ్యి. ప్రత్యేక విద్యలో పిల్లలు 8.5 శాతం దాటకుండా చూడమని 2004లో డిస్ట్రిక్టులకు ఒక కొలమానం పెట్టింది. పిల్లలు ఎంతో క్రమశిక్షణతో తగ్గుతూ వచ్చారు, 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక గుట్టు బయటపెట్టేదాకా. అది చట్టవిరుద్ధమని 2018లో కేంద్ర విద్యాశాఖ తేల్చింది. అంటే 8.5 శాతం నేరం, 1 శాతం చట్టం.

ఆ 1 శాతం దాటే రాష్ట్రాలకూ దారి లేకపోలేదు. మినహాయింపు కోరుతూ అదే విద్యాశాఖకు అర్జీ పెట్టుకోవచ్చు. కాకపోతే మొత్తం పిల్లల్లోనూ, వైకల్యం ఉన్న పిల్లల్లోనూ కనీసం 95 శాతం మందికి పరీక్ష పెట్టినట్టు చూపించాలి. అందుకే ఎవరినీ వదలరు. ఈ చట్టం రాకముందూ అంతే. ఫ్లోరిడాలో 2014లో, మంచం మీద చావుతో పోరాడుతున్న 11 ఏళ్ల పిల్లవాడు పరీక్ష రాయలేడని రుజువు పత్రాలు తెమ్మని తల్లిని అడిగారు. ఆ ఫిబ్రవరిలో బిడ్డ పోయాడు. అలాంటి పిల్లలకు మినహాయింపు ఇస్తూ అదే ఏడాది అక్కడి శాసనసభ చట్టం చేసింది. ఆ మినహాయింపు కావాలన్నా డాక్టరు పత్రం జతచేయాలి.