థర్మాకోల్ బొబ్బిలి

బొబ్బిలి యుద్ధం మళ్లీ మొదలైంది. సోమవారం పొద్దున్నకి కోట నమూనాను బడికి అప్పజెప్పాలట. ఐదుగురు పిల్లలు ఒక గ్రూపు, గ్రూపుకో యుద్ధభూమి. ఆ గ్రూపు పిల్లలది కాదని రాజాంలో పిల్లల్ని చదివిస్తున్న వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అమ్మల వాట్సాప్, నాన్నల జేబు, ఫ్యాన్సీ షాపువాడి గ్లూ గన్: ఇవీ మన సేనలు. పిల్లల వంతు అట్టమీద పేర్లు రాయడం. అదీ ఇప్పుడు ప్రింటు తీయించేస్తున్నారు.

ఇక ఆ కోట! నాలుగు మూలలా కోసుగా లేచిన బురుజులు, ముందు గొలుసుల వంతెన, పైన త్రికోణం జెండాలు. బొబ్బిలి మీదికి ఫిరంగులు తెచ్చిన బుస్సీ దొర చూస్తే తన ఫ్రాన్సుకే వచ్చేశాననుకుని ఫిరంగులు దింపించేస్తాడు. నిరుడు గోల్కొండ పేరుతో అమ్ముడైన అచ్చే ఇది, పేరొక్కటే మారింది. గోడలనిండా స్కెచ్ పెన్నుతో రాళ్ల గీతలు.

బొబ్బిలిది మట్టికోట బాబూ! ఫిరంగి గుళ్లకు ఎదురొడ్డింది ఆ మట్టిగోడలే. రాజాంలో మట్టికేమైనా కరువొచ్చిందా? చెరువుగట్టుకెళ్తే తట్టెడు ఊరికే దొరుకుతుంది. నాకు తెలిసిన ఒక కుర్రాడు నిజంగానే బంకమన్ను తెచ్చి, పిసికి, జానెడు గోడ లేపాడు. ఎండి ఓ పక్క బీటలిచ్చింది. గ్రూపంతా ముక్కు మూసుకుంది. ‘నీటుగా లేదు, మార్కులు పోతాయి’ అని గోడని చెత్తబుట్టలో వేసి, థర్మాకోల్ షీటు తెప్పించారు. ఆ గ్రూపు మొత్తంలో చరిత్ర కట్టినవాడు వాడొక్కడే.

చుట్టూ పచ్చరంగు పూసిన రంపపు పొట్టు. యుద్ధం జరిగింది 1757 జనవరి 24న, సంక్రాంతి వెళ్లాక. ఇంత పచ్చిక ఎక్కడిది?

కోటలో ఎర్రబల్బు పెట్టారు. బటన్ నొక్కితే మంట, నొక్కగానే చప్పట్లు. ఆ మంటేమిటో ఒక్కరైనా చెప్పారా పిల్లలకి? శత్రువు చేతికి చిక్కకూడదని కోటలోని మగాళ్లు తమ ఇళ్లకి తామే నిప్పు పెట్టుకున్నారు. ఆడవాళ్లనీ పసిపిల్లల్నీ తమ చేతులతోనే చంపుకున్నారు. బొబ్బిలి రాజు రంగారావు నేలకొరిగాడు. దానికా మనం బ్యాటరీ కట్టి, ముఖ్య అతిథితో స్విచ్చి నొక్కించేది? సిగ్గు లేదూ!

పైగా బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుణ్ణి కత్తి ఎత్తించి కోటగోడ మీద నిలబెట్టారు. యుద్ధంవేళ ఆయన బొబ్బిలిలో లేడు. రాజాంలో ఉన్నాడు, మన ఊళ్లో! కబురు తెలిసేసరికి అంతా అయిపోయింది. ఆ తర్వాతే రాత్రివేళ గుడారంలో దూరి, బుస్సీతో కలిసొచ్చిన విజయనగరం రాజు విజయరామరాజుని పొడిచాడు. రాజాం పిల్లలు చేసిన బొబ్బిలి యుద్ధంలో రాజాం లేదు.

బస్సెక్కితే గంటలో బొబ్బిలి. 1891లో కట్టించిన యుద్ధస్తంభం అక్కడ ఇప్పటికీ నిలబడే ఉంది. థర్మాకోల్ డబ్బుతో ఐదుగురికీ టిక్కెట్లు, వేడివేడి బజ్జీలు కూడా వస్తాయి. మార్కులేసే మాస్టారూ, సోమవారం ఒక్క ప్రశ్న అడగండి: ‘పాపారాయుడు ఎటునుంచి వచ్చాడ్రా?’ జవాబు చెప్పిన వాడికే మార్కులెయ్యండి, కోట ఎవరిదైనా సరే.