వచ్చే దసరాకి బండి మార్చేస్తున్నాం

బెంగళూరు మారతహళ్ళి వంతెన కింద నిలబడి "అన్నా!" అని కేకేస్తే పదిమంది వెనక్కి తిరుగుతారు. పీజీ హాస్టల్లో పప్పు నీళ్ళగా ఉందని రోజూ పోట్లాడే కుర్రాళ్ళు, కళామందిర్ స్టాపులో దిగి ఆంధ్రా మెస్ ఎటని అడిగే కొత్తవాళ్ళు, మనవణ్ణి చూసుకోడానికొచ్చి బాల్కనీలో వడియాలు పెట్టే అత్తయ్యలు. వీళ్ళ మీద ఇప్పటికే బోలెడు జోకులున్నాయి. ఎవరూ పట్టించుకోనివాడు ఇంకొకడున్నాడు. అతనికి ఊళ్ళో నాలుగెకరాల పొలం, ఇక్కడ మూడు గదుల ఫ్లాటు, ఆ రెంటి మధ్యా తిరగడానికి ఒక పాత డీజిల్ పికప్ ఉంటాయి. ఆ పికప్‌కి హంగులు చేయించి ఉంచుకోవాలా, ఇచ్చేసి కొత్తది తెచ్చుకోవాలా అన్నది అతని జీవితంలో తెగని వ్యాజ్యం.

మా అపార్ట్‌మెంటులో ఆ జాతికి ప్రతినిధి డీజిల్ బావ. ఎవరికి బావో ఎవరికీ తెలీదు, అందరికీ బావే. ఊరు రాయచోటి దగ్గర. ఉద్యోగం సాఫ్ట్‌వేరులో మేనేజరు, అంటే పొద్దస్తమానం ఎదుటివాళ్ళ చేత త్వరగా నిర్ణయాలు తీయించడం.

బండి ఇసుజు వి-క్రాస్. 2016లో శ్రీసిటీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తొలి బండ్లలో ఒకటి. కంపెనీ జపానుదైతేనేం, తడ పక్కన మన మట్టి మీద తయారైంది కాబట్టి "ఇది మనూరి బండి బామ్మర్దీ" అంటాడు. రెండున్నర లీటర్ల ఇంజను, 134 గుర్రాల బలం, నాలుగు చక్రాలకీ పవరు, నాలుగు తలుపులు, వెనక తొట్టి. అప్పట్లో చెన్నై ఎక్స్‌షోరూమ్ 12.49 లక్షలు. ఇప్పుడు అదే బండిలో పైరకం కొనాలంటే దానికి రెట్టింపు పెట్టినా చాలదు. ఈ లెక్క చెప్పేటప్పుడు ఆయన గొంతులో బాధ ఉండదు, గర్వం ఉంటుంది. రేటు పెరిగింది కొత్త బండిది. బావ మాత్రం తనకే ఇంక్రిమెంటు వచ్చినట్టు చెబుతాడు.

మా బేస్‌మెంటులో పార్కింగు స్లాటు పొడవు 5 మీటర్లు. బండి పొడవు 5.295. మిగిలిన జానెడు పైచిలుకు దారిలోకి పొడుచుకొస్తుంది. పాలబ్బాయి మోకాలికి అది బాగా పరిచయం. అసోసియేషన్ మీటింగులో తీర్మానం చేస్తే బావ ఆ జానెడుకీ ఒక ఎర్రగుడ్డ కట్టాడు. "వచ్చే దసరాకి ఎట్లా మార్చేస్తున్నాం గదా, అంతవరకూ ఓర్చుకోండి" అన్నాడు. ఏ దసరా అన్నది మినిట్స్‌లో రాయలేదు. అదే మావాళ్ళు చేసిన పొరపాటు.

ఉదయం బావ బండి స్టార్ట్ చేయడం చూసి తీరాలి. తాళం ఒక్క గడి తిప్పి ఆగుతాడు. డ్యాష్‌బోర్డు మీద చుట్టలు చుట్టిన పసుపు దీపం ఆరేదాకా, అంటే గ్లోప్లగ్గులు వేడెక్కేదాకా, శ్వాస కూడా మెల్లగా తీసుకుంటాడు. ఇంజను అందుకోగానే దిగి వెనక్కొచ్చి గొంతుక్కూచుంటాడు. నల్లపొగైతే డీజిల్ సరిగా కాలట్లేదు, నీలమైతే ఇంజనాయిల్ కాలుతోంది, తెల్లపొగ ఎంతకీ ఆగకపోతే లోపలికి నీళ్ళు చేరుతున్నాయి. ఆ తర్వాత జేబులోంచి తెల్ల రుమాలు తీసి పొగగొట్టం ముందు ఒక నిమిషం పట్టుకుంటాడు. దాన్ని మడతలు విప్పి లిఫ్టు దగ్గర నిలబడ్డ ప్రతివాడికీ చూపిస్తాడు. "చూడు బామ్మర్దీ, ఇంత మసి ఉందా? ఇట్లాంటి ఇంజన్ని అమ్ముకుంటారా ఎవరైనా?" మసి ఎక్కువైన రోజు రుమాలు చూపించడు. ఆ రోజు కొత్త మోడళ్ళ గురించి మాట్లాడతాడు. రుమాలు ఉతకాల్సిన అక్కయ్య అభిప్రాయం ఈ చర్చలో ఎవరూ అడగలేదు.

బావ దగ్గర ఒక ఎక్సెల్ షీటుంది. మొదటి పేజీ పేరు 'ఉంచితే', రెండో పేజీ 'ఇస్తే'. మొదటి పేజీలో రెండంగుళాల లిఫ్ట్ కిట్టు, మట్టిలో పట్టే లావు టైర్లు, తొట్టి మీద మూత, విన్చి, ఇంజను కంప్యూటరు రీమ్యాపు ఉంటాయి. ఒక్కోదాని పక్కన జె.సి. రోడ్డులో మూడు షాపుల రేట్లు. రెండో పేజీలో ఎక్స్‌ఛేంజ్ బోనసు, లోను వాయిదాలు. కింద 'ఊళ్ళో మర్యాద' అని ఒక గడి. దానికి నూటికి 40 మార్కులు. మైలేజీకి పది. ఎందుకలా అని అడిగితే బావ నావైపు జాలిగా చూశాడు. "రింగురోడ్డులో నేనెవరో ఎవునికి తెలుసు? మా ఊరి మలుపులో దీని శబ్దం ఇనపడితే, కొడుకొచ్చినాడని మా నాయన కాఫీ పెట్టమంటాడు. కొత్త బండి శబ్దం ఆయనకెట్ల తెలుస్తాది?" దానికి ఏ ఫార్ములా రాయాలో నాకూ తోచలేదు.

వ్యాజ్యం సాగే కొద్దీ ప్రపంచం మారిపోతూ వచ్చింది. మొదట్లో ముందువైపు స్టీలు గార్డు బిగించాలనుకున్నాడు. రేట్లు కనుక్కుంటూ ఉండగా 2017 డిసెంబరులో కేంద్రం క్రాష్ గార్డులు వద్దంది. పోనీ మిగతా హంగులు చేయిద్దామంటే, కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ వార్త కత్తిరింపు గ్లవ్‌బాక్సులో దాచాడు. ఇచ్చేద్దామనుకుంటే 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చిపడింది. 2022లో టయోటా హైలక్స్ వచ్చిందని సంతోషించి, 34 లక్షలని విని కూచున్నాడు. ఈ లోపల ఆర్‌సీ మీదున్న చిరునామా కూడా మాట మార్చింది: ఆర్‌సీలో కడప జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి రాయచోటి ఉన్నది అన్నమయ్య జిల్లా. జిల్లాలు విడగొట్టడానికి ప్రభుత్వానికి పట్టిన టైములో బావ సీటు కవర్ల రంగు తేల్చుకోలేకపోయాడు.

బీఎస్-6 మీద ఆయన వాదనకి మాత్రం నేను సమాధానం చెప్పలేను. కొత్త డీజిల్ బండ్లకి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరుంటుంది. పట్టిన మసి కాలిపోవాలంటే బండి కాసేపు వేడిగా, వేగంగా పోవాలి. "మారతహళ్ళి నుంచి సిల్క్‌బోర్డు దాకా ఆపకుండా పరిగెత్తే రోజు మన జన్మలో వస్తాదా?" అంటాడు. ముందు లారీ, పక్కన మెట్రో స్తంభం, వెనక టెంపో ట్రావెలర్ మధ్య ఇరుక్కుని విన్నప్పుడు ఆ మాటలో చాలా నిజం కనిపిస్తుంది.

నంబరు ప్లేటు ఇంకా ఏపీ 04. ఒక రాష్ట్రం బండి ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడ మళ్ళీ రిజిస్టర్ చేయించాలి, కర్ణాటక జీవితకాల పన్ను చూస్తే కళ్ళు తిరుగుతాయి. పోలీసు ఆపితే బావ టోల్ రసీదుల కట్ట బయటికి తీస్తాడు. బండి ఇక్కడ 'ఉండటం' లేదట, 'వచ్చి పోతా ఉంది'. తనక్కూడా అదే వర్తిస్తుందని ఆయన నమ్మకం. ఇక్కడ ఫ్లాటు కొని పిల్లల్ని హైస్కూలు దాటించినా సరే.

2022 సెప్టెంబరు వరదలు బావ జీవితంలో స్వర్ణయుగం. ఎమలూరు, బెళ్ళందూరు వైపు కాలనీలు చెరువులై, ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోతున్నారని దేశమంతా టీవీలో చూసిన వారమది. మా వీధి చివర మోకాల్లోతు నీళ్ళు. కార్లన్నీ మూగబోయాయి. బావ ఒక్కడూ తొట్టిలో జనాన్ని ఎక్కించుకుని, ల్యాప్‌టాప్ సంచులు నెత్తిన పెట్టుకోమని, మొదటి గేరులో అలలు రేపుకుంటూ అటూ ఇటూ తిప్పాడు. తీర్మానం రాసిన సెక్రటరీగారు కూడా ఆ జానెడు చివరన కూర్చునే వెళ్ళారు. ఆ సాయంత్రం నుంచి బావకి స్నార్కెల్ పట్టుకుంది. ఇంజను గాలి పీల్చే గొట్టాన్ని కప్పు ఎత్తుకి తీసుకుపోతే నీళ్ళు మింగదట. మెకానిక్ భాయ్ మాత్రం పెదవి విరిచాడు. గొట్టం ఒక్కటే ఎత్తితే చాలదు, గేరుబాక్సుకీ ఇరుసులకీ ఉన్న ఊపిరి గొట్టాలు కూడా పైకి లాగాలి అన్నాడు. రెండు నిమిషాలాగి, "సార్, బండికేం కాలా. మీకే ఏదో అయింది. ఆయిల్ మార్పించుకుని పోండి" అన్నాడు. బావ ఆయన్ని మార్చేశాడు. మార్చడమంటూ జరిగింది అదొక్కటే. నెల తిరక్కుండా మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళాడు.

చివరికి అక్కయ్యే ఫోన్లో ఫొటోలు తీసి అమ్మకానికి పెట్టేసింది. ఆదివారం పొద్దున్నే చింతామణి నుంచి ఒక టమాటా రైతు వచ్చాడు. బేరం ఎలా సాగాలో మనకు తెలుసు: కొనేవాడు వంకలు పెట్టాలి, అమ్మేవాడు కాదనాలి. ఇక్కడ అంతా తలకిందులు.

"అన్నా, బండి బాగుండాది" అన్నాడు రైతు.

"యాడ బాగుంది? మూడో గేరులో సన్నగా శబ్దం వస్తాది, విను. ఎడంపక్క తలుపు రబ్బరు పోయింది. నిజం చెప్పాల గదా."

"పర్వాలేదన్నా. ఎంత?"

"రేటు తర్వాత. నీకు షెడ్డుందా? ఎండలో పెట్టవు గదా? బాడుగకి తోలతావా? తెల్ల బోర్డు బండి, తోలకూడదు. డీజిల్ యాడ కొట్టిస్తావు? పొద్దున గ్లోప్లగ్ దీపం ఆరినాకే స్టార్ట్ చేస్తావా?"

రైతు ఓపిగ్గా అన్నింటికీ సరే సరే అన్నాడు. బావ గత్యంతరం లేక రేటు చెప్పాడు. ఆయన మారు మాట్లాడకుండా అడ్వాన్సుకి జేబులో చెయ్యి పెట్టాడు. బావ ముఖం పాలిపోయింది. నన్ను పక్కకి లాగి, "అడిగినంతా ఇస్తానంటాడంటే నేను తక్కువ చెప్పినట్టే గదా బామ్మర్దీ!" అన్నాడు. ఆ గుసగుస రైతుకీ వినిపించింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, బండి బానెట్ మీద తట్టి, "ఇంత మనసు పెట్టుకుని ఎందుకన్నా అమ్మేది? నాలుగు కొత్త టైర్లేసుకుని నువ్వే వాడుకో" అని కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

దాంతో బావకి బలమైన సాక్షి దొరికాడు. "చింతామణి నుంచి పనిగట్టుకొని వచ్చినోడే చెప్పినాడు" అని అక్కయ్యకి, సెక్రటరీకి, ఫోన్లో నాయనకి అదే చెప్పుకొచ్చాడు. నాయన అవతల నుంచి, "టమాటా తోలే దానికి వేరే బండి ఉండాది గదరా, అది నీకెందుకురా అబ్బీ?" అన్నాడట. ఆ ముక్క బావ మాకు చెప్పలేదు, అక్కయ్య చెప్పింది.

రైతు అన్న ప్రకారం నాలుగు లావు టైర్లూ పడ్డాయి. అమ్మేటప్పుడు రేటొస్తుందని వేయించాడు. వేయించాక, కొత్త టైర్లు పెట్టుకుని అమ్మడం తెలివితక్కువన్నాడు. టైర్లు లావైనందుకు రెండంగుళాల లిఫ్టు కూడా తప్పలేదు, 52వ సెక్షను కత్తిరింపు గ్లవ్‌బాక్సులోనే ఉంది. ఇప్పుడు బండి కప్పు మీది క్యారేజీ బేస్‌మెంటు దిగే చోట నిప్పులార్పే నీళ్ళ పైపుని రాసుకుంటోంది. నిన్న సాయంత్రం బావ ఒక కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. ఆ పైపుని జానెడు పైకి జరపాలని అసోసియేషనుకి వినతిపత్రం.

"ఎట్లా దసరాకి మార్చేస్తున్నావు గదా బావా, పైపు ఎందుకు జరపడం?" అన్నాను.

"కొత్తది ఇంకా ఎత్తుంటే?" అని పెన్ను నా చేతిలో పెట్టాడు.