ఎత్తుబండి ఆసామి

శనివారం పొద్దున్నే టెక్సస్‌లో ఏ ఊరి శివారు వీధిలోనైనా నడిచి చూడండి. పది ఇళ్ల ముందు గడ్డి కోసే యంత్రాల మోత వినిపిస్తుంది. పదకొండో ఇంటి ముందు రెండు కాళ్లు కనిపిస్తాయి. మిగతా మనిషి బండి కింద ఉంటాడు. కాళ్ల పక్కన చల్లారిపోయిన కాఫీ, గ్రీజు గుడ్డ, జాకీ, యజమాని బయటికి రావడం మీద ఆశ వదులుకున్న ఒక కుక్క. ఆయనే ఎత్తుబండి ఆసామి.

ఆ బండి 1979 నాటి షెవర్లే కె10, నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే పికప్పు. 1973లో వచ్చిన ఆ నలుచదరం ఆకారాన్ని అమెరికా వాళ్లు ముద్దుగా ‘స్క్వేర్ బాడీ’ అంటారు. ఫ్యాక్టరీ నుంచి దిగిన రోజున అది బుద్ధిగా తిన్నగానే పోయేది. ఆసామికి తిన్నగా పోవడం చాల్లేదు, పైకి కూడా పోవాలి. కమాన్ కట్టలు మార్చి 6 అంగుళాలు లేపాడు. కింద 35 అంగుళాల టైర్లు తొడిగాడు. ఇప్పుడందులోకి ఎక్కడానికి తాటిచెట్టు ఎక్కేవాళ్ల మోకు ఒక్కటే తక్కువ. ఆయన అత్తగారి కోసం వెనకాల ఒక చిన్న నిచ్చెన ఎప్పుడూ ఉంటుంది. ఆవిడ మాత్రం సొంత కారులోనే వస్తుంది.

ఎత్తు పెరిగిన రోజు నుంచి బండి తిన్నగా పోవడం మానేసింది. ఎందుకు మానేసిందో ఆసామి పదకొండేళ్లుగా వెతుకుతున్నాడు. ఎత్తు వల్లేమో అని మాత్రం ఆయన ముందు అనకూడదు.

ఈ వంశానికి మూలపురుషుడు అనదగ్గ మనిషి సెయింట్ లూయిస్ దగ్గరి బాబ్ చాండ్లర్. తన 1974 ఫోర్డ్ ఎఫ్-250కి టైర్లు పెంచుకుంటూ, ఇరుసులు విరగ్గొట్టుకుంటూ పోయాడు. అంత బరువు కాలుతో తొక్కుతున్నాడని బండికి ‘బిగ్‌ఫుట్’ అన్న పేరు స్థిరపడింది. 1981లో దాన్ని పాత కార్ల మీదికి ఎక్కించి నుజ్జు చేశాడు. చూసిన జనానికి మతిపోయింది. అయితే చాండ్లర్‌కి సొంతంగా ఇలాంటి బళ్ల విడిభాగాల దుకాణం ఉండేది. ఆసామికి ఉన్నది క్రెడిట్ కార్డు.

జబ్బు ఏమిటో చెప్పడం పెద్ద కష్టం కాదు. కె10లో స్టీరింగ్ బాక్సు ఎడమవైపు ఛాసిస్‌కి బోల్టులతో బిగించి ఉంటుంది. దాని కింద వేలాడే పిట్‌మన్ ఆర్మ్ ముందుకీ వెనక్కీ ఊగి, డ్రాగ్ లింక్ అనే కడ్డీ ద్వారా ఎడమ చక్రాన్ని తిప్పుతుంది. రెండు చక్రాలనూ కలిపేది టై రాడ్. కంపెనీ ఎత్తులో డ్రాగ్ లింక్ దాదాపు నేలకు సమంగా పడుకుని ఉంటుంది. బండిని 6 అంగుళాలు లేపితే అది గోడకు వేసిన నిచ్చెనలా ఏటవాలుగా నిలబడుతుంది. ఇక గుంట వచ్చి ఇరుసు పైకీ కిందకీ కదిలినప్పుడల్లా ఆ కడ్డీ చక్రాన్ని తోస్తుంది, లాగుతుంది. ఆసామి తిప్పక్కర్లేదు, రోడ్డే తిప్పుతుంది. ‘బంప్ స్టీర్’ అంటే ఇదే. మందు కూడా ఉంది: చక్రం వైపున కడ్డీ బిగించే చేతిని ఎత్తయినదిగా మార్చి, కడ్డీని మళ్లీ పడుకోబెట్టాలి.

ఇంత తేలిక మందు ఆసామి మొదటే ఎందుకు వాడతాడు?

ఆయన మొదట కొన్నది స్టీరింగ్ స్టెబిలైజర్. కడ్డీకి అడ్డంగా బిగించే షాక్ అబ్జార్బర్ అది, ఎర్రరంగుది. జ్వరం వస్తే దుప్పటి కప్పినట్టు వణుకును దాచిపెడుతుంది, జ్వరం దారి జ్వరానిదే. నెల తిరిగేసరికి రెండో స్టెబిలైజర్ కొన్నాడు, అదీ ఎర్రదే. ఆ తర్వాత స్టీరింగ్ బాక్సు నెత్తి మీదుండే సర్దుబాటు స్క్రూ మీద కన్ను పడింది. దాన్ని బిగిస్తే స్టీరింగ్‌లో ప్లే, అంటే వదులు, తగ్గుతుందని ఎవరో చెప్పారు. ఎంత బిగించాలో చెప్పిన వాడు చెప్పలేదు, ఈయన అడగలేదు. అతిగా బిగించేసరికి మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రావడం మానేసింది. ఆసామి దాన్ని ‘గట్టిదనం’ అని మెచ్చుకున్నాడు. ఆ పైన స్టీరింగ్ కడ్డీకీ బాక్సుకీ మధ్యనుండే రాగ్ జాయింట్ మార్చాడు. గుడ్డ కలిపిన రబ్బరు బిళ్ల అది, పేరులోనే గుడ్డపీలిక ఉంది. నలభై ఏళ్ల గుడ్డపీలిక ఎలా ఉండాలో అలాగే ఉంది కాబట్టి, ఇందులో మాత్రం ఆయన తప్పు లేదు.

పూనకం సంగతి వేరే చెప్పాలి. గంటకు 50 మైళ్ల వేగంలో, వంతెన అతుకు దగ్గర చిన్న కుదుపు. అంతే, ముందు చక్రాలు రెండూ కలిసి శివాలెత్తుతాయి. స్టీరింగ్ చేతుల్లో ఆగదు, అద్దంలో వెనక బళ్లు నాలుగేసి కనిపిస్తాయి. వాళ్ల భాషలో దీని పేరుకి అర్థం ‘చావు వణుకు’. కొబ్బరికాయ కొట్టినా దిగదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, నెమ్మదిగా వేగం తగ్గిస్తేనే దిగుతుంది. అరిగిన టై రాడ్ ఎండ్లు, వదులైన బాల్ జాయింట్లు, బ్యాలెన్స్ తప్పిన పెద్ద టైర్లు, చాలని కాస్టర్ కోణం, వీటిలో ఏ రెండు కలిసినా వచ్చేస్తుంది. కాస్టర్ అంటే వాలు: సైకిల్ ముందు ఫోర్కు కాస్త వెనక్కి వాలి ఉంటుంది కదా, చేతులు వదిలినా తిన్నగా పోవడంలో ఆ వాలుకీ వాటా ఉంది. బండికీ అంతే. వాలు తక్కువైతే కమాన్ కట్టకీ ఇరుసుకీ మధ్య ఇనుప చీలికలు పెట్టి సరిచేస్తారు. కొలరాడోలో 1979 ఫోర్డ్ బ్రాంకో ఉన్న మరో ఆసామిని కదిలిస్తే ఇదే కథను ట్రాక్ బార్ అనే కడ్డీ దగ్గర మొదలుపెడతాడు. కథ పొడవులో మాత్రం తేడా ఉండదు.

ఏటా జరిగే భద్రతా తనిఖీని టెక్సస్ 2025 జనవరి 1 నుంచి మామూలు బళ్లకు ఎత్తేసింది. ఆ రోజు ఆసామి ఇంట్లో పండగ. వీధిలో మిగతా వాళ్లు తమ పిల్లల సైకిళ్లు లోపల పెట్టుకున్నారు.

పక్కింట్లో మన తెలుగాయన ఉంటాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒకసారి మర్యాదకని “ఏమిటి సమస్య?” అని అడిగాడు. అప్పట్నించి శనివారాలు ఆయనవి కావు. చక్రాల ముందు భాగాల మధ్య దూరం, వెనక భాగాల మధ్య దూరం కొలిచి చూడాలి, ముందుది ఓ 3 మిల్లీమీటర్లు తక్కువుండాలి. టేపుకి ఒక కొస ఆసామిది, రెండో కొస ఈయనది. ఆ బండిలో ఒకసారి కూరగాయల దుకాణానికి వెళ్లొచ్చాక, పాత తెలుగు సినిమాల్లో హీరో తిన్నటి రోడ్డు మీద స్టీరింగ్‌ని అటూ ఇటూ ఎందుకలా తిప్పుతూ ఉంటాడో తనకి బోధపడిందన్నాడు.

ఇక ఆసామి భార్య. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, పైన ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతుంటే కింద ఒకరు చూడటం, లోపం పట్టుకోవడానికి అన్నిటికన్నా మంచి పరీక్ష. ఏ జాయింట్ ముందు కదలకుండా తడబడుతుందో అదే దొంగ. ఆ పైన కూర్చునే ఉద్యోగం పదకొండేళ్లుగా ఆవిడదే. “ఎడమకి” అని కింద నుంచి వినబడితే ఎడమకి, “కుడికి” అంటే కుడికి, మధ్యలో పుస్తకం. రెండో ఏడాదిలోనే ఆవిడ అంది, ఎడమకి తిప్పినప్పుడు ఎక్కడో టిక్కుమంటోందని. అది సీటు చప్పుడని తేల్చేశాడు ఆసామి. ఏటా ఒకసారి అంది. ఏటా సీటుకి నూనె పడింది.

మొన్న తెలుగాయన టార్చి పట్టుకుని ఉట్టినే ఛాసిస్ మీద వేశాడు. స్టీరింగ్ తిరిగినప్పుడల్లా బాక్సుతో పాటు ఛాసిస్ ఇనుమే ఊపిరి పీలుస్తున్నట్టు కదులుతోంది. బోల్టుల దగ్గర వెంట్రుకవాసి పగులు. పెద్ద టైర్లు తొడిగిన ఈ పాత షెవర్లేలకి సరిగ్గా అక్కడే పగలడం పేరుమోసిన జబ్బు, అతుకు పలకలు తయారుగా అమ్ముతారు కూడా. బాక్సు విప్పి, పగులు వెల్డింగ్ చేసి, దాని మీద పలక అతికించారు. అదే ఊపులో చక్రం వైపు ఎత్తు చేతినీ బిగించారు. అరిగిన టై రాడ్ ఎండ్లు మారాయి. ఎర్ర స్టెబిలైజర్లు రెండూ అటకెక్కాయి.

ఆదివారం ఆసామి వంతెన మీద 60 మైళ్ల వేగంలో పోయాడు. ఏమీ కాలేదు. వెనక్కి తిరిగి మళ్లీ పోయాడు. ఏమీ కాలేదు. ఇంటికొచ్చి, కుర్చీ వేసుకుని, పానాల పెట్టె మూత తీసి, మూసి, కుక్కని నిమిరి, రెండు రోజులు అలా గుమ్మంలోనే కూర్చున్నాడు. మంగళవారం సాయంత్రం భార్య తాళాలు అందుకుని, నిచ్చెన వేసుకుని ఎక్కి, పాలకని వెళ్లొచ్చింది. దిగుతూ, ఆయన వైపు చూడకుండా చెప్పింది:

“స్టీరింగ్ బావుంది. కానీ బ్రేకు వేస్తే కాస్త కుడికి లాగుతోంది.”

ఆసామి అప్పటికే జాకీ కోసం లేచాడు.