ఐదువేల వాట్ల బావమరిది

మా చిన్నప్పుడు సోంపేటలో అల్లరి మితిమీరితే పెద్దవాళ్లు "అండమాన్ పంపించేస్తాం" అని బెదిరించేవారు. చివరికి ఎవరూ పంపలేదు. మేమే టిక్కెట్టు కొనుక్కుని, విశాఖ రేవులో ఓడెక్కి, కడుపు చేత్తో పట్టుకుని వచ్చిపడ్డాం. వెనకటికి ఈ దీవికి వచ్చినవాళ్ల కాళ్లకు గొలుసులుండేవి. ఇప్పుడు కేబుళ్లు చుట్టుకుంటున్నాయి. మొన్న పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో మా బావమరిది ఇంట్లో నా కాళ్లకు చుట్టుకున్నవి లెక్కపెడితే పదకొండు. వాటిలో పనిచేస్తున్నది ఒక్కటే. అది కూడా, చెయ్యాల్సిన పని చెయ్యడం లేదు.

"కొనీసేను బావా! హోమ్ థియేటర్! ఐదువేల వాట్లు!" అన్నాడు గుమ్మంలోనే.

పెట్టె ముందువైపు బంగారు రంగులో, పెళ్లి శుభలేఖ మీద వధూవరుల పేర్లంత పెద్దగా, 5000 వాట్లు అని రాసి ఉంది. పక్కనే చీమ తలకాయంత అక్షరాల్లో పీఎంపీవో అని ఉంది. నాకు ఏ పెట్టెనైనా ముందు వెనక్కి తిప్పి చూసే దురలవాటుంది. ముందువైపు రాసేది అమ్మేవాడు, వెనక రేకు మీద రాసేది ఇంజనీరు. ఇంజనీరు రాసింది ఇది: 230 వోల్టులు, 60 వాట్లు.

అంటే ఈ యంత్రం గోడ ప్లగ్గులోంచి అరవై తాగి, గదిలోకి ఐదువేలు కక్కుతుంది. ద్రౌపది అక్షయపాత్ర కూడా రోజుకోసారి కడిగి బోర్లించాల్సి వచ్చేది. దీనికి ఆ బాధా లేదు.

మేముండేది మామూలు చోటు కాదు కాబట్టి, ఇది తేలిగ్గా తీసుకోవాల్సిన విషయం కాదు. మెయిన్‌లాండ్ గ్రిడ్డుకూ మాకూ తీగ సంబంధం లేదు. ఏ దీవి కరెంటు ఆ దీవిదే. చాలామటుకు డీజిల్‌తో నడవాలి, ఆ డీజిల్ ఓడలో రావాలి. బాంబూఫ్లాట్‌లో మన హైదరాబాద్ కంపెనీ ఒకటి 20 మెగావాట్ల కేంద్రం కట్టింది. పేరు సూర్యచక్ర, తాగింది డీజిల్. పేరుకీ పొట్టకీ సంబంధం ఉండాలన్న నియమం ఎక్కడా లేదు కదా. తరవాత గరాచరమాలో ఎన్టీపీసీ నిజంగానే ఎండతో నడిచే 5 మెగావాట్ల కేంద్రం పెట్టింది. ఎంత స్థలం, ఎన్ని పలకలు, ఎంత ఖర్చు! మా బావమరిది కొన్న పెట్టెలు వెయ్యి తెప్పించి వరసగా పేర్చి ఉంటే సరిపోయేది. వెయ్యి ఐదువేలు అక్షరాలా 5 మెగావాట్లు. చాతం పవర్‌హౌస్‌లో ఇంజన్లు ఆపేసి, పెట్టెకో పాట పెట్టి కూర్చోవచ్చు. ఇంత చిన్న లెక్క ఢిల్లీలో ఎవరికీ తట్టలేదంటే ఏమనాలి?

అసలు పీఎంపీవో అంటే ఏ ప్రమాణమూ ఒప్పుకోని కొలత. రెప్పపాటులో పదోవంతు సేపు స్పీకరు పగిలిపోయే ముందు పెట్టే కేకను ఊహించుకుని, దాన్ని స్పీకర్ల సంఖ్యతో హెచ్చవేసి, పైన అమ్మేవాడి ఉత్సాహం కలిపితే వచ్చే సంఖ్య అది. చూడాల్సింది ఆర్‌ఎంఎస్. ఆగకుండా ఎంతసేపైనా ఇవ్వగలిగిన శక్తి. చిన్న గదికి చానల్‌కు యాభై నికరమైన వాట్లుంటే చెవులు చాలంటాయి.

పేరున్న కంపెనీల ఆడియో-వీడియో రిసీవర్లు ఈ పాపానికి అతీతం అనుకోకండి. వాళ్లది చదువుకున్న అబద్ధం. పెద్ద అక్షరాల్లో "చానల్‌కు 150 వాట్లు". కింద సన్నక్షరాల్లో: ఒకే చానల్ నడుపుతూ, 6 ఓంల మీద, 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 10 శాతం వక్రీకరణతో. వంటవాడు "మనిషికి పాతిక గారెలు వడ్డిస్తాను" అని పెళ్లి ఒప్పుకుని, తరవాత నెమ్మదిగా "బంతిలో ఒక్కడే కూర్చుంటే" అన్నట్టు. ఏడుగురూ కూర్చుంటే తలా ఎన్ని గారెలు వస్తాయో అతను చెప్పడు. 8 ఓంలు, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, కనీసం రెండు చానళ్లు ఒకేసారి నడుస్తుండగా ఎన్ని వాట్లు అని అడగండి. 150 ఎనభై దగ్గర ఆగుతుంది. అమెరికా వాళ్లు ఈ కోతలు పడలేక 1974లోనే ఆంప్లిఫయర్ల వాట్ల మీద ఒక నియమం పెట్టారు. యాభై ఏళ్ల తరవాత, 2024లో, దాన్ని మళ్లీ బిగించాల్సి వచ్చింది. కోతకోసేవాడి ఓపిక ముందు చట్టం ఓపిక ఎంత?

సరే, వాట్లు పక్కన పెడదాం. "ధ్వని ఎక్కణ్నుంచి వస్తోందిరా?" అన్నాను.

"టీవీలోంచే బావా. ఆప్టికల్! కాంతితో వస్తది. దుకాణంలో సెప్పేడు, దీనికి మించినది నేదట."

ఇక్కడ కాస్త ఆగాలి.

2020 ఆగస్టు దాకా ఈ దీవుల్లో ఇంటర్నెట్ అంటే ఉపగ్రహం దయ. కొత్త సినిమా చూడాలంటే చెన్నై నుంచి వచ్చేవాడి జేబులో హార్డ్ డిస్కు రావాలి. అతగాడి కోసం హడ్డో రేవులో అత్తగారికి ఎదురెళ్లినట్టు ఎదురెళ్లేవాళ్లం. ఆ ఏడాది ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన ఆప్టికల్ కేబుల్ ప్రారంభమైంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలాండ్, రంగత్‌ల దాకా మొత్తం దాదాపు 2,300 కిలోమీటర్లు. ఖర్చు సుమారు 1,224 కోట్లు. చెన్నైకీ మాకూ మధ్య రెండు దారులు, ఒక్కోదాంట్లో సెకనుకు 200 గిగాబిట్లు. ఆ గాజు నాళంలో, చీకట్లో, చేపల కింద నుంచి, నెత్తి మీద కూడా వినబడాల్సిన డాల్బీ అట్మాస్ ధ్వని క్షేమంగా వచ్చి జంగ్లీఘాట్‌లో మా బావమరిది టీవీలో దిగింది.

దిగి, అక్కణ్నుంచి ఒక్క మీటరు దూరంలో ఉన్న పెట్టెలోకి వెళ్లలేకపోయింది.

ఎందుకంటే ఆ మీటరు దూరానికి వాడు వేసింది ఇంకో ఆప్టికల్ తీగ. దీని జాతి వేరు. 1983లో తోషిబా వాళ్లు సీడీ ప్లేయర్ల కోసం తయారుచేసినది. అందులో పట్టేది రెండు చానళ్ల స్టీరియో, లేదంటే డీవీడీల కాలంలో కుదించి పంపిన డాల్బీ, డీటీఎస్ 5.1. అంతకుమించి మరేదీ పట్టదు. స్ట్రీమింగ్ యాపులు పంపే డాల్బీ డిజిటల్ ప్లస్సూ పట్టదు, బ్లూరే డిస్కులోని ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియోలూ పట్టవు. కాబట్టి టీవీ మర్యాదగా అట్మాస్ నెత్తి తీసేసి, మిగతా మొండేన్ని తీగలోకి తోస్తుంది. పెట్టె మీద దీపం మాత్రం వెలుగుతుంది. బంగాళాఖాతం ఈదిన గజఈతగాడు ఇంటి ముందు కాలవలో మునిగిపోయాడన్నమాట.

ఆ ధ్వని నెత్తితో సహా పెట్టెలోకి వెళ్లాలంటే దారి హెచ్‌డీఎంఐ. టీవీ వెనక ఆ రంధ్రాల్లో ఒకదాని పక్కన ఆర్క్ అనో ఈఆర్క్ అనో రాసి ఉంటుంది. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఆర్క్ స్ట్రీమింగ్ అట్మాస్‌ను మొయ్యగలదు. డిస్కులోని ట్రూహెచ్‌డీని మొయ్యలేదు. దానికి ఈఆర్క్ ఉండాలి, అది సెకనుకు 37 మెగాబిట్ల దాకా మోస్తుంది. లేదా ప్లేయర్ను టీవీకి కాకుండా తిన్నగా రిసీవర్‌కే గుచ్చి, బొమ్మను అక్కణ్నుంచి టీవీకి పంపుకోవాలి. ఈ ముక్క చెప్పడానికి దుకాణదారుకి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషంలో ఇంకో పెట్టె అమ్ముకోవచ్చు.

ఒక్క మాట, అట్మాస్ అన్న ముద్ర ఒకటే అయినా లోపలి సరుకు ఒకటి కాదు. డిస్కులో ట్రూహెచ్‌డీ గరిష్ఠంగా సెకనుకు 18 మెగాబిట్ల దాకా పారుతుంది. స్ట్రీమింగ్‌లో అదే ముద్రతో వచ్చేది ఒక మెగాబిట్ కూడా ఉండదు. పద్దెనిమిదో వంతు కూడా లేని సరుకుకీ నిండు బస్తాకీ ఒకటే ముద్ర.

ముద్రల మాటొచ్చింది కనక హెచ్‌డీఎంఐ సంగతీ చెప్పాలి. పేర్లు మార్చుకోవడం మాకు కొత్త కాదు. 2018లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, 2024 సెప్టెంబరులో మా పోర్ట్ బ్లెయిరే శ్రీ విజయపురం అయింది. పేరు మారినా జెట్టీ అక్కడే ఉంది, గెడ్డం గీసేవాడు అక్కడే ఉన్నాడు, ఎవరూ మోసపోలేదు. హెచ్‌డీఎంఐ వాళ్ల నామకరణం ఇంత అమాయకం కాదు. వాళ్లు 2.0 అన్న పేరునే రద్దు చేసేశారు. అన్నీ 2.1 కిందకే తెచ్చారు. 2.1లో గొప్పగా చెప్పుకున్న గుణాలు మాత్రం ఐచ్ఛికం. ఏ ఒక్కటీ లేకపోయినా పెట్టె మీద 2.1 అని రాసుకోవచ్చు. 2021 చివర్లో ఇది బయటపడి గోల అయింది, గోల చల్లారింది, రాత మారలేదు. అందుకని రిసీవర్ కొనేటప్పుడు సంఖ్య అడక్కండి. ఈఆర్క్ ఉందా, ఎన్ని రంధ్రాలున్నాయి, ఏ రంధ్రం ఏం చేస్తుంది అని ఒక్కొక్కటీ అడగండి. కళ్లజోడు మార్చుకుని మరీ చదవండి.

నవ్వే అర్హత నాకూ అంతగా లేదు. బ్లూరే వచ్చిన కొత్తలో నేనూ చెన్నైలో ఒక రిసీవర్ కొని, ఓడలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. దానికి హెచ్‌డీఎంఐ ఉంది. ఇంటికొచ్చాక తెలిసింది, అది బొమ్మను దాటిస్తుందిగాని ధ్వనిని ముట్టుకోదని. దోవన పోయే ఊరేగింపుకి గుమ్మంలో నిలబడి దండం పెట్టే రకం. ఆఖరికి ప్లేయర్ వెనక నుంచి ఆరు అనలాగ్ తీగలు లాగి, ఆరు రంధ్రాల్లో గుచ్చితే అప్పుడు పలికింది. బాగానే పలికింది, ఇప్పటికీ పలుకుతోంది. కాని దాన్ని కొన్న రోజు నేను చదివింది ముందువైపే.

ఇక మా బావమరిది గది. అట్మాస్ వచ్చిందే అనుకున్నా, పెట్టె పైకి కొట్టిన ధ్వని చదునైన కప్పుకు తగిలి నెత్తి మీద పడాలి. వాడిది ఏటవాలు రేకుల ఇల్లు. సినిమాలో హెలికాప్టర్ ఎగిరితే చప్పుడు రేకుకు తగిలి జారి, పక్కింటి వంటగదిలో దిగుతుంది. మే నుంచి డిసెంబరు దాకా వానలుండే చోట, ఏడాదికి మూడు మీటర్ల వాన ఆ రేకుల మీద పడుతుంటే, నిజమైన అట్మాస్ పైనుంచి ఉచితంగానే వస్తోంది. దానికి రిసీవర్ అక్కర్లేదు. దాన్ని ఆపడానికి మాత్రం ఏ కంపెనీ బటన్ పెట్టలేదు.

వాడి సబ్ వూఫర్ గురించి నేను నవ్వలేను. వాడు దాన్ని మొదటిసారి గట్టిగా పెట్టిన రాత్రి, పక్కింటి పెద్దావిడ పిల్లల్ని చంకనేసుకుని రోడ్డు మీదికి పరిగెత్తింది. 2004 డిసెంబరు 26 నాటి భూకంపం, సునామీ చూసిన మనిషి. నేల కింద నుంచి వచ్చే చప్పుడు ఏదైనా ఆవిడకి ఒకటే. నాలుగు గోడల మధ్య భూకంపం కావాలని డబ్బిచ్చి కొనుక్కునేవాళ్లు, నిజం భూకంపం వచ్చే ఊళ్లో కనీసం పదింటి తరవాతైనా ఆ మీట కిందికి తిప్పాలి.

న్యాయం చెప్పాలంటే బంగారు పూత విషయంలో దుకాణం వాళ్లని తిట్టను. మెయిన్‌లాండ్‌లో ఆ పూత వట్టి సోకు. డిజిటల్ ధ్వనికి బంగారం ఏ తీపీ కలపదు. ఇక్కడ ఉప్పుగాలికి రాగి రెండు వానాకాలాల్లో ఆకుపచ్చ చిలుము పట్టి కరకరలాడుతుంది. పూత ఉన్న పిన్ను ఇంకొన్నాళ్లు నిలుస్తుంది. ఐదువేల రూపాయల కేబుల్ మాత్రం వద్దు. రెండు మీటర్లకి సర్టిఫికెట్ ముద్ర, స్కాన్ చేసే గళ్లబొమ్మ ఉన్న సాధారణమైనది చాలు. మిగిలిన డబ్బుతో మంచి స్పీకర్లు, స్టెబిలైజర్ కొనండి. డీజిల్ మీద నడిచే ఊళ్లో వోల్టేజి మనిషి మూడ్ లాంటిది.

ఇంతా చెప్పి, ఆ ఆప్టికల్ తీగ పీకి హెచ్‌డీఎంఐ గుచ్చుదామని పెట్టె వెనక్కి తిప్పాను. హెచ్‌డీఎంఐ రంధ్రమే లేదు. మూలన కూర్చుని సీరియల్ కోసం చూస్తున్న మా అత్తగారు అడిగింది:

"బాబూ, అది కట్టీసి, టీవీలోంచే మాట వినబడేటట్టు సెయ్యగలవా? ఆ డబ్బాలోంచి వాయింపే గాని మాట వినబడ్డం నేదు."

చేశాను. మాట వినబడింది.

కాబట్టి పాఠకులకు విన్నపం. జంగ్లీఘాట్‌లో ఒక హోమ్ థియేటర్ అమ్మకానికుంది. వాడింది పదకొండు రోజులు. ఐదువేల వాట్లు, తాగేది అరవై. తీగలు, దీపాలు, ముద్రలు అన్నీ ఉన్నాయి. ఓడ ఖర్చులు కొన్నవారివే. చాతం పవర్‌హౌస్ వారు అడిగితే వాళ్లకే ముందు ఇస్తాం.