ట్యాగు చూప విచ్చు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

ట్యాగు చూప విచ్చు నాఫీసు ద్వారమ్ము
నెట్ట విచ్చు నొకటి, నిప్పు కొకటి
విద్యు దలలు తాక విచ్చును వేరొండు
కణపు కోటలోన కావ లిదియె.

ప్రతిపదార్థం: ట్యాగు = మెడలో తాడుకు వేలాడే కార్డును; చూపన్ = రీడరుకు ఆనించగా; ఆఫీసు ద్వారమ్ము = రాయదుర్గం మెట్రో దిగి ఎండలో నడిచి చేరిన అద్దాల మేడ గేటు; విచ్చున్ = టింగుమని తెరుచుకొనును; ఒకటి = మరొక గేటు; నెట్టన్ = ఒత్తిడికి; నిప్పుకున్ = వేడికి; ఒకటి = ఇంకొకటి; విద్యుదలలు = వోల్టేజి మార్పులు; కణపు కోటలోన = జీవకణంలో; కావలి = కాపలా; ఇదియె = ఇట్టిదే.

'విద్యుదలలు' వైరిసమాసం. 'లాగిన్ అయ్యాను' అనే పేటలో పుట్టిన పద్యం గనుక పండితులు మన్నించాలి.

తాత్పర్యం: కణానికి ప్రహరీ కొవ్వు పొర. సోడియం, పొటాషియం అయాన్లు దాన్ని దాటలేవు. పొరలో దిగేసిన ప్రొటీన్ గేట్లే వాటికి దారి. ఏ గేటు మర్యాద దానిది.

విశేషాలు: ట్యాగు గేటుకు ఉదాహరణ నరం కండరాన్ని కలిసే చోట ఉంది. అక్కడ ట్యాగు ఎసిటైల్‌కోలిన్. ఒకటి చాలదు, మామూలుగా రెండు అణువులు అతుక్కోవాలి. తమాషా ఏమంటే ట్యాగు లోపలికి పోదు. అది గేటు తెరిచి బయటే నిలబడుతుంది, దూసుకుపోయేది సోడియం. మన వెనకే నక్కి దూరే సహోద్యోగి గుర్తొస్తే తప్పు నాది కాదు.

నెట్టుడు గేటు పియెజో. కణాన్ని సన్నని గాజు గొట్టంతో పొడిచి, ఒక్కొక్క జన్యువునే నోరు మూయించి చూస్తూ ఆర్డెమ్ పటపుటియన్ బృందం 2010లో దాన్ని పట్టింది.

'నిప్పు' శబ్దంలో శ్లేష ఉంది. ఆ గేటు సుమారు 43 డిగ్రీల వేడికి తెరుచుకుంటుంది, మిరపలోని క్యాప్సైసిన్‌కూ తెరుచుకుంటుంది. మధ్యాహ్నం బండి దగ్గర మిర్చిబజ్జీ కొరికి, అది చల్లారినా 'అబ్బా, మంట' అన్నామంటే నాలుక అబద్ధమాడలేదు. శ్లేష కవిది కాదు, ప్రకృతిది. దీన్ని 1997లో బయటపెట్టిన డేవిడ్ జూలియస్, పటపుటియన్‌తో కలిసి 2021 నోబెల్ పంచుకున్నాడు.

తెరవడం వేరు, ఎంచడం వేరు. సైబర్ టవర్స్ తెరిచిన 1998లోనే రోడెరిక్ మెకినన్ బృందం పొటాషియం ఛానెల్ ఆకారం చూపించింది. అందులో పెద్దదైన పొటాషియం పోతుంది, చిన్నదైన సోడియం ఆగుతుంది. ఆ ఇరుకులోకి అయాన్లు తమను చుట్టుకున్న నీళ్లను విడిచి రావాలి. పొటాషియానికి ఆ నీళ్ల బదులు గోడలోని ఆక్సిజన్లు సరిగ్గా అందుతాయి, చిన్నదానికి అందవు.

ఇక మూడో పాదం. నరకణం లోపల సుమారు మైనస్ 70 మిల్లీవోల్టులు. అది మైనస్ 55 దాకా ఎక్కగానే, సోడియం గేటులోని ధనావేశపు ముక్కలు కదిలి దారి వదులుతాయి. మిల్లీసెకను తిరక్కుండానే మూత పడుతుంది. వోల్టేజి మళ్లీ దిగితేగానీ ఆ మూత తీయదు, ఎంత బతిమాలినా సరే. హాడ్జ్‌కిన్, హక్స్‌లీలు స్క్విడ్ నరంలో కొలిచి 1952లో రాసిన ఈ సంగతి నాకు మొన్న అర్థమైంది. ట్యాగు ఆనించాను, టింగుమంది, అంతలో ఫోన్ మోగి అడుగు వెనక్కి వేశాను. గేటు మూసుకుంది. మళ్లీ ఆనిస్తే ఎర్ర దీపం. ఇంకోసారి ఆనించినా అదే.

సెక్యూరిటీ అతను కంప్యూటర్ చూసి, బయట నిలబడ్డ నాతో అన్నాడు: "మీరు ఆల్రెడీ లోపలున్నరు సార్."