మైనస్‌లో ఉన్నవారికి సున్నా శాతం

బ్రిటన్‌లో జీతం పడే బ్యాంకు ఖాతా చాలాసార్లు సున్నా దగ్గర ఆగదు. డబ్బు అయిపోయాక కూడా కార్డు గీకితే పని చేస్తుంది. నిల్వ అంకెకు ముందు ఒక చిన్న గీత మాత్రం వచ్చి కూర్చుంటుంది. ఆ గీతే ఓవర్‌డ్రాఫ్ట్. దీని పుట్టుక 1728 నాటిది. ఎడిన్‌బరో వర్తకుడు విలియం హాగ్‌కు, ఖాతాలో ఉన్నదానికంటే 1,000 పౌండ్లు ఎక్కువ వాడుకునే వీలును రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ కల్పించింది. వర్తకుడికి అది సరుకు అమ్ముడై సొమ్ము చేతికొచ్చేదాకా జరుగుబాటు. కాలక్రమంలో ఆ వసతి నెలజీతగాళ్ల దాకా దిగివచ్చింది. వారికి అమ్మడానికి సరుకేమీ లేదు, ఎదురుచూడడానికి నెలాఖరు ఒక్కటే ఉంది.

ఓవర్‌డ్రాఫ్ట్ గొప్పతనమంతా అప్పులా కనిపించకపోవడంలో ఉంది. నోటు రాయనక్కర్లేదు, సాక్షి సంతకం అక్కర్లేదు, కిస్తీ లేదు, గడువు లేదు. “ఖాతాలో ఇంకా మూడు వందలున్నాయి” అని ధీమాగా చెప్పే పెద్దమనిషి, వెయ్యి పౌండ్ల పరిమితిలో ఏడు వందలు వాడేసి ఉండవచ్చు. అందుబాటులో ఉన్న సొమ్ము అంటూ ఈ పరిమితిని కూడా కలిపి చూపించొద్దని నియంత్రణ సంస్థ ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ 2019లో బ్యాంకులకు చెప్పవలసి వచ్చింది.

దీని ధర సంగతీ ఆ సంస్థే తేల్చింది. పూర్వం వడ్డీకి తోడు రోజుకింత, నెలకింత అంటూ రుసుములుండేవి. ముందస్తు అనుమతి లేని ఓవర్‌డ్రాఫ్ట్ ఖర్చు కొన్ని సందర్భాల్లో, జీతం పడేదాకా ఇచ్చే పేడే లోన్‌కు పదింతలుంటోందని లెక్క తేలింది. దాంతో 2020 ఏప్రిల్ నుంచి రోజువారీ రుసుములు పోయి, ఒకే వార్షిక వడ్డీ రేటు వచ్చింది. బ్యాంకులు వినయంగా తలూపాయి. తలూపి, పలు పెద్ద బ్యాంకులు దేనికది ఆలోచించుకుని 39.9 శాతం దగ్గర కలుసుకున్నాయి. తెలుగు పల్లె లెక్కలో చెబితే ఇది నూటికి నెలకు రెండు రూపాయల ఎనభై పైసల పైమాటే. మూడు రూపాయల వడ్డీ అంటే ముఖం చిట్లించే ఊరిపెద్దలు లండన్ బ్యాంకుల ముందు అనవసరంగా సిగ్గుపడుతున్నారు.

ఈ వడ్డీని తప్పించుకోవడానికి వాడేది కొన్ని నెలల పాటు వడ్డీ పడని సున్నా శాతం క్రెడిట్ కార్డు. ఇక్కడే చాలామంది పొరపడతారు. మామూలు బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ కార్డు ఇంకో కార్డు మీది బాకీని మాత్రమే తనపైకి తీసుకుంటుంది, ఓవర్‌డ్రాఫ్ట్ జోలికి పోదు. దానికి కావలసింది మనీ ట్రాన్స్‌ఫర్ సదుపాయం. కార్డు కంపెనీ సొమ్మును నేరుగా ఖాతాలో వేస్తుంది, ఖాతా మైనస్ నుంచి బయటపడుతుంది, బాకీ కార్డు మీదికి చేరుతుంది. దీనికి సాధారణంగా మూడు నాలుగు శాతం దాకా ఒకసారి ఫీజు ఉంటుంది.

వెయ్యి పౌండ్ల ఓవర్‌డ్రాఫ్ట్‌ను ఏడాదిలో సమానంగా తీరుస్తూ పోతే 39.9 శాతం చొప్పున వడ్డీ సుమారు 185 పౌండ్లవుతుంది. ఏమీ తీర్చకుండా ఏడాదంతా అలాగే ఉంచితే 399. అదే వెయ్యిని నాలుగు శాతం ఫీజుతో పన్నెండు నెలల సున్నా శాతం కార్డు మీదికి మారిస్తే ఖర్చు 40 పౌండ్లు, నెలకు సుమారు 87 చొప్పున కట్టాలి. అసలు నెలనెలా తగ్గుతుంది గనుక పల్లె లెక్కలో ఇది అరవై పైసల వడ్డీ. అయితే నెలాఖరున అయిదు రోజులు 200 పౌండ్ల మైనస్‌లోకి జారి లేచేవారికి ఓవర్‌డ్రాఫ్ట్ వడ్డీ ఒక పౌండు కూడా కాదు, కార్డు ఫీజు మాత్రం ఎనిమిది. అటువంటివారు కార్డు కోసం దరఖాస్తు నింపడం కంటే టీ తాగడం లాభం.

షరతులు కొన్ని. ఫీజు తగ్గింపు, సున్నా శాతం వర్తించాలంటే చాలా కార్డుల్లో మొదటి 60 లేదా 90 రోజుల్లోనే మార్పిడి జరిగిపోవాలి. ఒక్క వాయిదా తప్పినా సున్నా శాతం ఎగిరిపోవచ్చు, అందుకే కనీస చెల్లింపుకు డైరెక్ట్ డెబిట్ పెట్టుకుంటారు. ఆ కార్డుతో షాపింగ్, ఏటీఎం రెండింటి జోలికీ పోకపోవడం మేలు. దరఖాస్తు ఆమోదం పొందేదాకా పరిమితి ఎంతో సాధారణంగా తెలియదు, వెయ్యి అడిగినవారికి నాలుగు వందలు దక్కవచ్చు.

అసలు ప్రమాదం పథకం పనిచేసిన రోజునే మొదలవుతుంది. ఖాతాలో గీత మాయమైంది. నిల్వ సున్నా. కానీ వెయ్యి పౌండ్ల ఓవర్‌డ్రాఫ్ట్ పరిమితి చెక్కుచెదరకుండా అక్కడే ఉంది, పైగా ఇప్పుడు పూర్తిగా ఖాళీగా ఉంది. ఊడ్చిపెట్టిన అరుగు మీద పేకాట మళ్లీ మొదలైనట్టు, మూడో నెలకల్లా గీత తిరిగొస్తుంది. అప్పుడు ఆ మనిషికి రెండు అప్పులు, వాటిలో ఒకటి వడ్డీ లేనిదన్న తృప్తి. మార్పిడి జరిగిన రోజే బ్యాంకుకు చెప్పి పరిమితిని తగ్గించుకోవడం దీనికి విరుగుడు. అంత పనీ యాప్‌లో రెండు నిమిషాలది. అయినా “ఏమో, అవసరానికి ఉండనీ” అనిపించేది సరిగ్గా ఆ రెండు నిమిషాల్లోనే.

కొత్తగా బ్రిటన్ చేరిన తెలుగువారికి ఈ కార్డు సులువుగా రాదు. హైదరాబాద్‌లో ఎంత మంచి సిబిల్ స్కోరున్నా లండన్‌లో అది చాలావరకు తెల్లకాగితమే. కామన్వెల్త్ పౌరులు గనుక అక్కడ నివసించే భారతీయులు ఓటరు జాబితాలో చేరవచ్చు. క్రెడిట్ ఫైలులో చిరునామా రుజువు కావడానికి ఆ నమోదు పనికొస్తుంది. పార్లమెంటు కంటే ముందు కార్డు కంపెనీకి ఓటరు మీద నమ్మకం కుదురుతుందన్నమాట. దరఖాస్తుకు ముందు అర్హత చూసే సాధనాలు స్కోరును దెబ్బతీయవు, అసలు దరఖాస్తు మాత్రం ఫైలులో నమోదవుతుంది.

సున్నా శాతం గడువు ముగిసేసరికి బాకీ మిగిలితే కార్డు మామూలు వడ్డీ మొదలవుతుంది. అప్పటికది కార్డు బాకీయే గనుక మామూలు బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ కార్డు మీదికి మార్చవచ్చు, మళ్లీ ఫీజు కట్టి. ఏ కార్డూ రానివారు తమ బ్యాంకునే అడగాలి. పదేపదే ఓవర్‌డ్రాఫ్ట్‌లో మునిగేవారిని గుర్తించి సాయం చేయవలసిన బాధ్యత నియంత్రణ సంస్థ నిబంధనల ప్రకారం బ్యాంకులదే. స్టెప్‌చేంజ్ వంటి స్వచ్ఛంద సంస్థలు అప్పుల మీద ఉచితంగానే సలహా ఇస్తాయి.