పది నంబరు పానా పద్యం: టీకా తాత్పర్య సహితం

ఈ పద్యం ఏ తాళపత్రంలోనూ దొరకదు. కాకినాడలో మా పెదనాన్నగారి పెరటి వసారాలో, పనిముట్ల బల్ల పైన గోడ మీద బొగ్గుతో రాసి ఉండేది. రాసింది నేనే. తన పద్యానికి తానే వ్యాఖ్య రాసుకోవడం మర్యాద కాదని కొందరి అభిప్రాయం. కానీ ఆ కవికి అప్పుడు పద్నాలుగేళ్లు. తెలుగు మాస్టారు ఆటవెలది లక్షణం చెప్పిన వారం అది. తరువాత అరసున్నలు దిద్దింది కూడా ఆయనే. కవికి తట్టని అర్థాలు చెప్పడమే వ్యాఖ్యాత వృత్తి గనుక, ఆ కుర్రవాడికీ నాకూ ఇప్పుడు ఏ చుట్టరికమూ లేదు. మెతుకుసీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు రాసిన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్య పేరు కిరసనాయిలు. బిగుసుకుపోయిన అర్థాలను వదులు చేస్తుంది, కొంచెం కంపు కూడా కొడుతుంది.

ఆటవెలది:

ఐదు నిమిష పనియె యంచుఁ దా పీటెక్కి
పానఁ బదిది తెమ్ము పంక విప్ప
మరకుఁ బట్టెఁ దుప్పు మాపైనఁ గదలదు
వెలుఁగు పట్ట రార వేలు నలిగె

టీక. తా = తాను, అనఁగా మా పెదనాన్న; ఐదు నిమిష పనియె అంచున్ = ఐదు నిమిషములలో ముగియు పని యనుచు; పీట + ఎక్కి = ఎత్తుపీట నధిరోహించి (పలికెను అని అధ్యాహారము); పంక విప్పన్ = పంకాను విప్పుటకై; పదిది = పది యను అంకె చెక్కియున్నట్టి; పానన్ = పానాను; తెమ్ము = కొనిరమ్ము; మరకున్ = బోల్టు మరకు; తుప్పు పట్టెన్ = త్రుప్పు పట్టినది; మాపు + ఐనన్ = సాయంకాలమైనను; కదలదు = చలింపదు; వెలుఁగు = దీపమును, ఇచట టార్చిలైటును; పట్టన్ = పట్టుటకు; రార = రమ్ము; వేలు = అంగుళి; నలిగెన్ = నలిగినది.

తాత్పర్యము. ఐదే నిమిషముల పని యని పలికి పెదనాన్న పీట నెక్కి, పంకా విప్పుటకు పది నంబరు పానా తెమ్మని యాజ్ఞాపించెను. మరకు త్రుప్పు పట్టియుండుటచే పొద్దుగ్రుంకినను అది కదలకుండెను. దీపము పట్ట రమ్మని పిలుచుచుండగా వేలు నలిగెను. ఎవరి వేలు అను సంశయము పిమ్మట విచారింపబడును.

విశేషములు. ముందుగా ఐదు. పంచభూతాలు అన్నప్పుడు ఐదంటే ఐదే. నిమిషాల పక్కన చేరిన ఐదుకు ఆ నియమం లేదు. ఇది కాలవాచకం కాదు, మంగళాచరణం. పని నిర్విఘ్నంగా సాగాలని మొదట పలికే మాట. పైగా ఇది నాతో అన్నది కాదు. వంటింటి గుమ్మంలో నిలబడి "ఎలక్ట్రీషియన్‌ని పిలుద్దామా అండీ" అని అడుగుతున్న మా పెద్దమ్మతో అన్నది. కావ్యారంభంలో దుష్కవి నింద చేయడం సంప్రదాయం గనుక, "వాళ్లకేం వచ్చు" అన్న మాట కూడా వెంటనే వచ్చింది. ఆటవెలదిలో ఇమడలేదు.

పీటలెక్కడం అంటే మనలో పెళ్లి చేసుకోవడం. ఆ అర్థం ఇక్కడ పొసగదని తొందరపడి అనకండి. అక్కడా ఇక్కడా ఎక్కినవాడు పని పూర్తయ్యేదాకా దిగడు; పక్కనున్నవారు ఒక్కొక్కటే అందిస్తూ నిలబడాలి.

పాన, పంక అనే మాటల్లో శ్లేష ఉంది. పాన అంటే పానము, పంక అంటే బురద. "పది గ్లాసుల పానకం పట్టుకురా, బురద వదలాలి" అని ఒక అర్థం. కవి ఉద్దేశించాడా? లేదు. పంకాను పంక అని కుదించింది గణం కోసమే. అయినా కప్పు ఊడదీశాక లోపల కనిపించింది బురదే. ఏళ్ల తరబడి దుమ్మూ గ్రీజూ కలిసి నల్లగా అట్టకట్టింది. కాబట్టి రెండో అర్థాన్నీ కొట్టివేయలేం. పెద్దమ్మ సాయంత్రం నిమ్మరసం కలిపి తెచ్చింది గనుక మొదటి మాటనూ కొట్టివేయలేం.

ఇక పది. పద్యానికి గుండెకాయ ఇదే. పానా మీది అంకె బోల్టు లావని అనుకునేవారున్నారు. మా పంకా రాడ్డులో అడ్డంగా దూర్చిన బోల్టు ఒంటి లావు 6 మిల్లీమీటర్లు. ఆరు పలకల దాని తలను ఎదురెదురు పలకల నడుమ కొలిస్తే 10. పానా పట్టేది తలను, కాబట్టి తల కొలతే పానా పేరు. ఒళ్లు 8 అయితే తల 13. ఒళ్లు 10కి చేరేసరికి మతభేదాలు మొదలవుతాయి. పాత జర్మన్ ప్రమాణం పాటించేవారు 17 అంటారు, ఐఎస్‌ఓ వారు 16 అంటారు, జపాను బళ్లవారు 14తో సరిపెడతారు. ఆ జపాను శాఖలో ఒళ్లు 8 ఉన్నవాడి తల కూడా 12కి తగ్గిపోతుంది. మోటారు సైకిలు విప్పబోతూ 13 పట్టుకొచ్చి, అది వదులుగా ఆడుతుంటే మళ్లీ పెట్టె దగ్గరకు పరుగెత్తినవారికి ఈ భేదం శంకర రామానుజుల భేదం కన్నా బాగా తెలుసు.

ఇది చాలదన్నట్టు పానాకు రెండు మూతులు. బజారులో దొరికే పన్నెండు పానాల సెట్టులో 6-7, 8-9, 10-11 అని జంటలుంటాయి. పదికి పదకొండుతో ఉమ్మడి కాపురం. పది కనిపించకపోతే పదకొండు కూడా లేచిపోయినట్టే. మా పెదనాన్న సెట్టులో మాయమయ్యేది ఎప్పుడూ ఈ జంటే. ఆ ఆదివారం నూతి గట్టు మీద దొరికింది. అక్కడికి ఎందుకు వెళ్లిందో వ్యాఖ్యాతకు కూడా అంతుపట్టలేదు. సరే, "పదిది తెమ్ము" అన్న పద్యం ఏ మూతి ముందుకు పెట్టి అందించాలో చెప్పలేదు. శాస్త్రకారులు దీన్ని న్యూనపదదోషం అంటారు. ఈ దోషం ఊరికే పోలేదు, చూడబోతారు.

మర అనే మాట మీద ఒక పుస్తకం రాయవచ్చు. బోల్టు ఒంటికి చుట్టుకున్న మెట్టూ మరే, వడ్లు ఆడించేదీ మరే, తుపాకీ పేల్చడానికి నొక్కేదీ మరే. తెలుగువాడు మెలి తిరిగిన గీత ఒక్కదాంట్లో యంత్రాన్నంతా చూశాడు. ఇంగ్లండులో ఒకప్పుడు ఏ కార్ఖానా మర దానిదే. ఒకరి నట్టు మరొకరి బోల్టుకు ఎక్కేది కాదు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ మర కోణం 55 డిగ్రీలుండాలని ప్రతిపాదించాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 అన్నాడు. నేటి మెట్రిక్ మరది కూడా 60. మా ఆరు మిల్లీమీటర్ల బోల్టు ఒక్క చుట్టుకు సరిగ్గా ఒక్క మిల్లీమీటరు కదులుతుంది, కదిలితే.

శంక: ఎటు తిప్పాలి? సమాధానం: నీ ఎదురుగా ఉన్నదాన్ని గడియారానికి ఎదురు తిప్పితే వదులవుతుంది. సైకిలు ఎడమ పెడలు దీనికి అపవాదం, దాని మర వ్యతిరేకం. కానీ తల వైపు నిలబడి, చెయ్యి అవతలికి పోనిచ్చి నట్టు తిప్పేవాడి మాటేమిటి? వాడికి దిక్కు తిరగబడుతుంది. పెదనాన్న మొదటి అరగంటా చేసింది బిగించడమే. ఈ సంగతి పద్యంలో లేదు. నాకు అప్పట్లో పెద్దల పట్ల గౌరవం ఉండేది.

తుప్పుకు కారణం నీరూ గాలీ. కాకినాడలో సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి దానికి పెట్టుబడి. ఇనుము తుప్పుగా మారితే ముందుకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరల మధ్య ఉన్న సందు వెంట్రుకవాసి; అందులో తుప్పు ఒళ్లు చేస్తే ఇద్దరు పట్టే రైలు బెర్తులో ముగ్గురు ఇరుక్కున్నట్టే. ఇప్పటివారు డబ్ల్యూడీ-40 కొడతారు. 1953లో శాన్‌డియాగోలో పుట్టిన సరుకది. పేరులోని మొదటి రెండక్షరాలకు నీటిని తొలగించేది అని అర్థం, నలభయ్యో ప్రయత్నంలో కుదిరింది గనుక 40. ముప్పై తొమ్మిది సార్లు కుదరని పనిని వాళ్లెవరూ ఐదు నిమిషాల పని అని ఉండరు. మా వసారాలో ఉన్నది కిరసనాయిలు సీసా. పక్షి ఈకతో నాలుగు చుక్కలు వేసి వదిలేయాలి. వదిలేయడమే అసలు మందు. చుక్క సందులోకి పాకడానికి గంటలు పడుతుంది. "మాపైన" అన్న మాటకు ఇక్కడ సార్థకత. దీన్నే మా, పైన అని విరిస్తే తుప్పు రాలి మా మీద పడిందని మరో అర్థం. అదీ నిజమే. తలెత్తి చూసిన ఇద్దరి కళ్లలోనూ పడింది.

పద్యంలో చోటు దక్కని బేరింగు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పంకా విప్పిందే దాని కూత భరించలేక. బేరింగు మీద అంకెలు సూత్రప్రాయంగా ఉంటాయి. చివరి రెండంకెలను ఐదుతో హెచ్చిస్తే లోపలి కన్నం మిల్లీమీటర్లలో వస్తుంది: 04 అంటే 20, 05 అంటే 25. ఇది సూత్రం. 00, 01, 02, 03 దీనికి లొంగవు, అవి వరుసగా 10, 12, 15, 17. ఇది అపవాదం. మా పంకాలోది 6202, అంటే లోపల 15, బయట 35, మందం 11. పాణిని చూస్తే మెచ్చుకునేవాడు. కొత్తదాన్ని ఇరుసు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి వలయం మీదే గొట్టం ఆనించి కొట్టాలి. బయటి వలయం మీద కొడితే దెబ్బ గుండ్ల మీదుగా పోయి, అవి దొర్లే దారి సొట్టపోతుంది. కొత్త బేరింగు కొత్త రాగంలో కూస్తుంది.

వెలుఁగు. మెయిను స్విచ్చి ఆపితేగాని పంకా మీద చెయ్యి వేయకూడదు. ఆపితే ఇంట్లో దీపం ఉండదు. పొద్దు కుంకాక జరిగిన పని కనుక టార్చి, టార్చి కనుక నేను.

వేలు నలిగె. కర్త ఎవరు? మా పెద్దమ్మ ఈ పద్యానికి పూర్వవ్యాఖ్యాత్రి. వేలు పెదనాన్నదేనని ఆమె నిర్ణయం. కేక వినగానే పసుపూ గుడ్డపేలికా తీసుకుని ఆయన దగ్గరకే వెళ్లింది. ఇది ఒప్పుకోదగినది కాదు. "వెలుఁగు పట్ట రార" అన్నంతవరకే ఆయన మాట. అక్కడ వక్త మారాడు. నేను కుడిచేత్తో టార్చి పట్టుకుని, ఎడమచేత్తో రాడ్డు పైకప్పును ఎత్తిపట్టి ఉన్నాను. మొదటి మూడు పాదాలూ అప్పటికి మనసులో కుదిరాయి. నాలుగో పాదం కోసం లఘువులూ గురువులూ లెక్కపెడుతూ ఉంటే టార్చి వెలుతురు బోల్టును వదిలి గోడ మీదికి పోయిందట. ఆ చీకట్లో పదకొండు మూతి పది తల మీద కూర్చుంది. ఆయన బలమంతా పెట్టాడు. వె అక్షరానికి యతిగా వే దొరుకుతుందా అని నేను వెతుక్కుంటుండగా పానా జారింది. యతి కుదిరింది.